మిరపకాయ తినని చిలక

నా చిన్నప్పుడు, సాగర్ డ్యాం కడుతున్న రోజుల్లో, మాచర్లలోని మా ఇంటికి ఒకే రోజు ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. ఒకరు మా పిన్ని, అమ్మ జ్వరంతో పోయిన రెండేళ్లకు నాన్న చేసుకున్న రెండో భార్య. రెండోది ఆమె చేతిలోని పంజరంలో ఉన్న ముసలి పక్షి. ఇద్దరితోనూ మాట్లాడకూడదని గుమ్మంలో నిలబడే తీర్మానించుకున్నాను. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మొండితనంలో మాత్రం ఎనభై ఏళ్ల ముసలమ్మని. ఇప్పుడు నిజంగానే ఆ వయసుకు దగ్గరపడ్డాను, మొండితనం కాస్త తగ్గిందనే అనుకుంటాను. మా కోడలు ఒప్పుకోదు.

పెళ్లికి ముందు పిన్ని ఒక మిషన్ ఆస్పత్రి డాక్టరు దొరసాని బంగళాలో పదేళ్లు పనిచేసింది. దొరసాని వాళ్ల దేశం వెళ్లిపోతూ, ఓడలో అంత దూరం ఈ ముసలిప్రాణం తట్టుకోలేదని పక్షిని పిన్నికి అప్పజెప్పింది. బూడిదరంగు ఒళ్లు, తలమీద పసుప్పచ్చని కుచ్చు, రెండు బుగ్గల మీదా నారింజరంగు బొట్లు. దాన్ని కాకటీల్ అంటారని దొరసాని చెప్పిందట. ఆ మాట మా వీధిలో ఎవరికీ నోరు తిరగలేదు. జుట్టు చిలక అని పేరు పెట్టేసి ఊరుకున్నారు.

చిలకన్నాక పండు మిరపకాయ తినాలి గదా. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ ఒక కాయ పట్టుకొచ్చేవాళ్లు. అది మొహం తిప్పుకునేది. పక్కింటి పెద్దమ్మయితే నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏందే, పల్నాటికొచ్చి మిరపకాయ తినవా? ఇంకెట్టా బతుకుతావే నువ్వు!" అని దాన్ని నిలదీసింది. పిన్ని చేతిలోని కొర్ర కంకి తప్ప మరేదీ ముట్టేది కాదది. పన్నెండేళ్లు దాటిన పక్షి, కాళ్లకు పట్టు తగ్గింది. అందుకని పిన్ని పంజరంలో అది కూర్చునే కర్రకు పాత నూలుగుడ్డ చుట్టి, బాగా కిందికి దించి కట్టింది. డ్యాముకు పోయే లారీల మోతకు దాని కుచ్చు నిటారుగా లేచేది. పిన్ని చేస్తున్న పని ఆపి, పంజరం పక్కన చేరి మెల్లగా ఈల వేసేది. కుచ్చు వాలేదాకా వేస్తూనే ఉండేది. ఆడది ఈల వెయ్యడమేమిటని పెద్దమ్మ బుగ్గలు నొక్కుకునేది.

నేను పిన్నిని పిన్ని అనలేదు. అసలేమీ అనలేదు. ఆమె ఎదురుగానే ఉన్నా, అన్నం పెట్టమని నాన్నతో చెప్పేదాన్ని. అమ్మ పోయినప్పటి నుంచి చుట్టాలంతా తలమీద చెయ్యి వేసి "తల్లి లేని పిల్ల" అంటుంటే నాకు ఒళ్లు మండేది. ఇక ఈవిడ చెయ్యి కూడానా? నా జడ నేనే వేసుకునేదాన్ని. అది ఒక చెవి వైపుకు లాక్కుపోయేది. బళ్లో అందరూ నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని.

ఒక శనివారం పిన్ని బావికి వెళ్లినప్పుడు నా స్నేహితురాళ్లిద్దరు వచ్చారు. చిలక నేనెంత చెబితే అంతేనని బళ్లో కోతలు కోసి ఉన్నాను మరి. పంజరం పైమూత తీసి, చెయ్యి లోపలికి దూర్చి గబుక్కున పట్టుకున్నాను. అమ్మో, అది అరిచిన అరుపు! పిచ్చెత్తినట్టు కొట్టుకుని నా చేతిలోంచి జారి పంజరం అడుగున పడింది. నా గుప్పిట్లో రెండు ఈకలు మిగిలాయి. దాని రెక్క మీద రక్తం. స్నేహితురాళ్లు పరుగో పరుగు. నేను గడ్డివాము వెనక దాక్కున్నాను.

పిన్ని వచ్చి, గాయం మీద బియ్యప్పిండి అద్ది రక్తం ఆపింది. తిట్టినా బాగుండేదని ఏడ్చాను. రక్తమైతే ఆగింది గానీ పక్షి తిండి మానేసింది. నేను బడికి పోయినప్పుడు పిన్ని చేతిలో నాలుగు గింజలు కొరికేదట. నా అడుగుల చప్పుడు వినబడితే చాలు, మూలకు చేరి ముడుచుకుపోయేది. వారం తిరిగేసరికి సగమైంది. ఇంక బతకదని పెద్దమ్మ తేల్చేసింది. ఎవరికైనా ఇచ్చేద్దామా అని నాన్న అడిగాడు. పిన్ని తల అడ్డంగా ఊపి, మొదటిసారి నేరుగా నాతో మాట్లాడింది.

"దానికి భయమంతా నువ్వంటేనే. పోగొట్టటం నావల్ల కాదు తల్లీ, నువ్వే పోగొట్టాల. బళ్లోంచి రాంగానే దీని పక్కన కూర్చో. దాని వంక చూడమాక. చెయ్యి పెట్టమాక. నీ పని నువ్వు చేసుకో."

"ఎన్నాళ్లు?" అన్నాను. ఆమెతో నేనన్న మొదటి మాట అదే.

"అది ఎన్నాళ్లంటే అన్నాళ్లు."

కూర్చున్నాను. పంజరానికి బారెడు దూరంలో, గోడకు ఆనుకుని, పలక ఒళ్లో పెట్టుకుని ఎక్కాలు చదివాను. పదిహేనో ఎక్కం నాకు వచ్చిందంటే ఆ పక్షి పుణ్యమే. మొదట్లో అది కుచ్చు దించేదే కాదు. నాకు చిరాకు, ఏడుపు, మళ్లీ చిరాకు. అది చచ్చిపోతే నేనే చంపినట్టని తెలుసు, అందుకని లేచిపోలేదు. కొన్నాళ్లకు నేనుండగానే ఒక గింజ కొరికింది. గట్టిగా కేక పెట్టబోయాను. వంటింట్లోంచి పిన్ని నోటిమీద వేలు పెట్టుకుని సైగ చేసింది. ఆ తర్వాత కంకి పట్టుకోవడం నేర్పింది. పైనుంచి వచ్చే చెయ్యి పక్షికి గద్దలా కనబడుతుందని, పంజరం పక్క తలుపులోంచి, దాని రొమ్ము కంటే దిగువగా పెట్టి కదలకుండా ఉండాలని చెప్పింది. చెయ్యి తిమ్మిరెక్కేది. తొలకరి వానలు పడ్డాక ఒక సాయంత్రం అది నడుచుకుంటూ వచ్చి నా కంకి అందుకుంది. ఇంకొన్నాళ్లకు నా ముందు తల వంచి, మెడ దగ్గర ఈకలు విప్పి నిలబడింది. గోకమని అడుగుతోందది! ఒక్క వేలితో గోకాను. కళ్లు మూసుకుంది.

ఎవరికైనా చెప్పుకోవాలని తల తిప్పాను. బారెడు దూరంలో పిన్ని కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నా వంక చూడటం లేదు. ఆమె పక్కన నేలమీద దువ్వెన, కొబ్బరినూనె గిన్నె ఉన్నాయి. అవి రోజూ అక్కడే ఉంటున్నాయని, ఆమె రోజూ నాకు అంతే దూరంలో కూర్చుంటోందని, వచ్చినప్పటి నుంచి ఒక్కసారైనా నా తలమీద చెయ్యి వెయ్యలేదని అప్పుడు తట్టింది నా మొద్దు బుర్రకు. లేచి వెళ్లి ఆమెకు వీపు తిప్పి కూర్చున్నాను. "పిన్నీ, జడ వెయ్యి" అన్నాను. ఆమె బియ్యం పక్కన పెట్టి దువ్వెన అందుకుంది. తర్వాత ఎంత బిగించి వేసిందంటే రెండు రోజులు కణతలు నొప్పెట్టాయి.

చిలక ఇంకో మూడేళ్లు బతికింది, మిరపకాయ ముట్టకుండానే. నా పెళ్లయ్యాక ఒకసారి పుట్టింటికి వచ్చినప్పుడు, పిన్నీ నేనూ బెండకాయలు తరుగుతూ ఉంటే అడిగాను. నన్నూ ఆ చిలకలాగే మచ్చిక చేశావు గదా, ఎంత గడుసుదానివి పిన్నీ అని. ఆమె నవ్వేసింది.

"గడుసా నా మొహమా! నీ దగ్గరికి రావాలంటే చానా భయమేసేది నాకు. నువ్వు ఛీ కొడితే ఇంక ఆ ఇంట్లో ఎట్టా ఉండాల? ఏం చెయ్యాలో తెలీక అట్టా కూర్చునేదాన్ని."

ఆ ఇంట్లో భయపడింది నేనూ చిలకా మాత్రమేనని అన్నేళ్లూ అనుకున్నాను. పెద్దది కదా, ఆమెకేం భయం అనుకున్నాను.

ఇప్పటికీ నా ముందు ఎవరైనా మొహం ముడుచుకుని కూర్చుంటే మొదట నాకు కోపమే వస్తుంది. పుట్టుకతో వచ్చింది ఎక్కడికి పోతుంది? ఆ వెంటనే "చానా భయమేసేది నాకు" అన్న పిన్ని మాట చెవిలో పడుతుంది. కోపం మింగేసి, ఏదో ఒక పని ఒళ్లో పెట్టుకుని, వాళ్లకు చెయ్యి అందే దూరంలో కూర్చుంటాను. మా పిన్నిలాగే, లోపల కాస్త భయపడుతూనే.