రెగ్యులేటరుకు పెట్టిన బొట్టు

అల్లూరులో నేను పనిచేసింది ఉప్పుడు బియ్యం మిల్లులో. వడ్లు ఉడికిందీ లేనిదీ ఆడవాళ్లు గింజ చిదిమి చూసి చెప్పేవారు. "చాలబ్బా, కట్టెయ్" అని కేక వినపడగానే నేను చక్రం తిప్పి ఆవిరి వాల్వు మూసేవాణ్ని. అరవైలలో యజమాని మద్రాసు నుంచి రెగ్యులేటరు తెప్పించాడు. వేడి ఎంత కావాలో ముల్లు తిప్పి పెడితే చాలు, గాలి ఒత్తిడితో వాల్వు దానంతటదే తెరుచుకునేది. వేడి చాలినప్పుడు ఒక చిన్న బెజ్జంలోంచి గాలి బుస్సుమని పోయి వాల్వు మూసుకునేది. ఆ చప్పుడంటే నాకు ప్రాణం.

దాని పని నేర్చుకున్నందుకు యజమాని నాకు మిల్లు ఆవరణలో గది ఇచ్చాడు. అత్తగారింట్లో మాటలు పడుతూ వచ్చిన నా భార్య మొదటిసారి తన సొంత పొయ్యి వెలిగించుకుంది. అప్పుడే యజమాని పాత చక్రం ఊడదీయించి, "మీ చేతులు ఊరకుండవు" అని తన గదిలో పెట్టి తాళం వేసుకున్నాడు.

ఆయుధపూజ వచ్చింది. మేము కిరస్తానం వాళ్లం కాబట్టి ఎప్పటిలాగే గుమ్మం దగ్గర నిలబడ్డాను. నాకు యజమాని వీపే కనిపించింది. బాయిలరుకు, మోటారుకు గంధం పూసి బొట్లు పెట్టాక ఆయన రెగ్యులేటరు ముందుకొచ్చాడు. దాని నుదురెక్కడో తెలియలేదు కాబోలు, సరిగ్గా ఆ బెజ్జం మీదే గంధం మెత్తి కుంకుమ అద్దాడని నాకు తర్వాతే తెలిసింది.

దశమినాడు మిల్లు నడిపాం. వేడి చూపే ముల్లు పైకి పోతూనే ఉంది, బుస్సుమనే చప్పుడు లేదు. మూద్దామంటే చక్రం లేదు. యజమాని నెల్లూరులో ఉన్నాడు, గదికి తాళం. బాయిలరులోంచి నిప్పులు లాగేసేసరికే వడ్లు పగిలి గంజయ్యాయి. తర్వాత వెతికితే బెజ్జంలో ఎండిన గంధం కనపడింది.

"అయ్యా, గంధం ఆరి బెజ్జం మూసకపోయినాది. చక్రమన్నా ఉండుంటే నేనే కట్టేసుండేవాణ్ని" అన్నాను, ఆయన రాగానే.

"ఏందిరా? నువ్వు బొట్టు పెట్టుకోవు గదా, అందుకని మా బొట్టు మీదకి తోస్తుండావా?"

పూజ దగ్గరుండి చూసినవాళ్లంతా అక్కడే ఉన్నారు. ఒక్కొక్కరే తట్టలు తీసుకుని పాడైన వడ్లు ఎత్తడానికి పోయారు. అప్పటిదాకా అది వడ్ల గొడవ, ఆ మాటతో మతం గొడవైపోయింది. నా పని పోయింది, సాయంత్రానికి గది ఖాళీ చేశాం. నా భార్య పొయ్యిలో నీళ్లు పోసి, వెనక్కి చూడకుండా నడిచింది. ఆ మిషన్ మీద నాకు కోపం లేదు. అది మనుషులు ఊపిరాడనివ్వకపోతే పని తప్పింది, అంతే.

మరుసటి దసరాకు అటుగా పోతూ మిల్లులోకి తొంగిచూశాను. రెగ్యులేటరు చుట్టూ అద్దాల పెట్టె బిగించి ఉంది. గంధం, కుంకుమ అద్దం మీద ఉన్నాయి. పాత చక్రం తిరిగి వాల్వుకే వచ్చింది. మేమున్న గది గుమ్మానికి ఎవరో మామిడాకులు కట్టుకున్నారు.

నేను చెప్పింది నిజమని తెలిసే ఆయన ఆ అద్దం పెట్టించాడు. తెలిసే నన్ను పిలవలేదు.