కోడిపులుసు సాక్షులు

ఆ రోజుల్లో న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో తెలుగు క్రైస్తవులం ఎంత కొద్దిమందిమంటే, నాలుగు కార్లుంటే సంఘమంతా కదిలిపోయేది. ఎనభైల మొదలు అది. మాకు చర్చి లేదు, పాస్టరు లేడు. ప్రతి శనివారం ఎవరో ఒకరి అపార్ట్‌మెంట్‌లో సోఫాలు గోడకి జరిపి, దుప్పట్లు పరిచి ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. ప్రసంగాలకంటే వంటలే బాగుండేవని ఇప్పుడు చెబితే ఎవరూ ఏమనుకోరులెండి. నేనప్పుడే గుంటూరు నుంచి వచ్చిన నర్సుని, పైగా పాస్టరుగారమ్మాయిని. పాస్టర్ల పిల్లలు రెండు రకాలు. నోరు మూసుకుని వినేవాళ్ళు, నోరు తెరిచి అడిగేవాళ్ళు. మా నాన్న ఎదుట మొదటి రకంగా ఉండి ఉండి విసుగెత్తిపోయాను కాబట్టి, అమెరికాలో దిగగానే రెండో రకంలో చేరిపోయాను. దాంతో నాకు ‘తోమా సిస్టర్’ అని పేరు పెట్టారు. (గాయాల్లో వేలు పెట్టి చూస్తేగానీ నమ్మనన్న శిష్యుడు తోమా. నేను ముందు వేలు పెట్టడం నేర్చుకున్నాను, నమ్మడం సంగతి తర్వాత చూద్దామనుకున్నాను.)

మా సంఘానికి పెద్ద ‘ముందు సీటు అంకుల్’. మందుల కంపెనీలో కెమిస్టు. ఎవరి కారెక్కినా ముందు సీటు ఆయనదే, ఎవరింట్లో ప్రార్థనైనా మొదటి మాట ఆయనదే, మొదటి కంచం కూడా ఆయనదే. మనసు వెన్న, తొందర మాత్రం జాస్తి. ఒక శనివారం ఆయన పేతురు గొప్పతనం గురించి వాక్యం చెబుతుంటే నేను చెయ్యెత్తాను.

“అంకుల్, నాకో డౌటు. కోడి కూసేలోగా పేతురు, యేసు ఎవరో తనకి తెలియదని మూడుసార్లు బొంకాడు. మిగతావాళ్ళు పారిపోయారు. మెలకువగా ఉండి ప్రార్థన చేయమంటే తోటలో పడి నిద్రపోయారు. ఇద్దరైతే పరలోకంలో ఆయన కుడి సీటు, ఎడమ సీటు ముందే బుక్ చేసుకోబోయారు. ఇలాంటివాళ్ళు చెప్పింది మనమెలా నమ్మాలి? పోనీ, చెప్పిందేదో అందరూ ఒకేలా చెప్పారా? యేసు సమాధి దగ్గర దేవదూత ఒకడని ఒకరు, ఇద్దరని ఇంకొకరు!”

“అమ్మాయ్, నువ్వు పాస్టరుగారి కూతురివి. ఇలాంటివి అడగొచ్చా?”

“పాస్టరుగారి కూతుర్ని కాబట్టే అడుగుతున్నా. నాకు అన్నీ కంఠతా వచ్చు.”

“దీనికి ఆన్సరుంది. వచ్చే వారం చెప్తా,” అన్నారు అంకుల్, చెమట తుడుచుకుంటూ.

వచ్చే వారం ఆన్సరు రాలేదు, యాక్సిడెంటు వచ్చింది. నాకు లైసెన్సు కొత్త, కారు పాతది. ఆస్పత్రిలో తోటి నర్సు దగ్గర కొన్న స్టేషన్ వాగన్ అది, పడవంత ఉండేది. మా ఆస్పత్రికి బస్సు లేదు. లైసెన్సు లేకపోతే డ్యూటీ లేదు, డ్యూటీ లేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే వీసా లేదు. ఆ శనివారం ఉపవాస ప్రార్థన. సాయంత్రం దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు, ఆమేన్ అన్నాకే భోజనం. ఉపవాసం ప్రకటించింది అంకులే, ఇంటింటికీ ఫోన్ చేసి “కాఫీ కూడా వద్దు బ్రదర్, ప్రభువు చూస్తుంటాడు” అని హెచ్చరించిందీ ఆయనే. బూడిదరంగు సూటు వేసుకుని నా పక్కన ముందు సీట్లో కూర్చున్నారు. ఆయన వెనక ఆంటీ, ఆవిడ ఒళ్ళో పెద్ద గిన్నెడు కోడిపులుసు. తొణక్కుండా మూతని రెండు చేతులతో అదిమి పట్టుకున్నారు. ఆవిడ పక్కన యూనివర్సిటీలో చదువుకుంటున్న ‘నిద్ర బ్రదర్’. కారు కదిలితే నిద్రపోతాడు, ఆగితే లేస్తాడు, ఉయ్యాల్లో పసిపిల్లాడి లెక్కన.

నాలుగు రోడ్ల కూడలిలో స్టాప్ సైన్ దగ్గర నేను ఆగాను. కుడివైపు చూశాను, ఎడమవైపు చూశాను, మళ్ళీ కుడివైపు చూశాను (కొత్త లైసెన్సు భక్తి అది), నెమ్మదిగా కదిలాను. అంతలో పాట పాడుకుంటూ ఒక ఐస్‌క్రీం బండి వచ్చి, తన వైపు స్టాప్ సైన్‌ని పలకరించనైనా పలకరించకుండా, నా కారు ముక్కు మీద గుద్దింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఒక్క కోడిపులుసుకి తప్ప. అదంతా అంకుల్ సూటు మీదకి వచ్చింది. పోలీసాయన వచ్చి, గుండెల మీద ఎర్రగా కారుతున్న ఆయన్ని చూసి, “కదలొద్దు సార్, కదలొద్దు!” అని అంబులెన్సుకి కబురు పెట్టేశాడు. ఆంటీ కిటికీలోంచి తల బయటపెట్టి, “బ్లడ్ కాదండీ, మసాలా!” అని ఎంత అరిచినా వినడే. అంబులెన్సువాళ్ళు వాసన చూసి వెళ్ళిపోయారు. ఈ గొడవలో ఐస్‌క్రీం ఆయన నింపాదిగా, ‘ఈవిడ ఆగనే లేదు’ అని చెప్పేశాడు. ట్రాఫిక్ టికెట్ నా చేతిలో పడింది. కోర్టులో ఓడిపోతే లైసెన్సు తీసేస్తారని ఆస్పత్రిలో అందరూ ముక్తకంఠంతో ధైర్యం చెప్పారు.

“ముగ్గురు సాక్షులం ఉన్నాం, భయమెందుకమ్మా?” అన్నారు అంకుల్. అని, నా వైపు ఓరగా చూసి, “సాక్షులు ఒకేలా చెప్పలేదని కదా నీ కంప్లయింటు? మేం చెప్తాం చూడు. ఒక్క అక్షరం తేడా వస్తే అడుగు,” అన్నారు. నాకూ ఆ మాట నచ్చింది. మర్నాటి నుంచి రిహార్సల్. సాక్ష్యం అంకులే తయారుచేశారు, ఇంగ్లీషులో. నేర్పింది మాత్రం మన సండేస్కూలు పద్ధతిలో. ఒక వాక్యం ఆయన చెబుతారు, ఆ వాక్యం మిగతా ఇద్దరూ ఎలుగెత్తి చెబుతారు. కంఠత వాక్యంలో మాట మార్చడం మహాపాపం కదా, ‘ఇన్ టు’ బదులు ‘ఇన్’ అన్నా మళ్ళీ మొదటి నుంచి. పరీక్షాధికారిణి నేను. వారం తిరిగేసరికి ముగ్గురూ ఒక్క గొంతుతో చెబుతుంటే, యేసు కథ రాసిన నాలుగు సువార్తలవాళ్ళకి ఈమాత్రం ప్రాక్టీసు ఎందుకు లేకపోయిందా అని జాలిపడ్డాను.

కోర్టు రోజున సంఘమంతా సెలవు పెట్టుకుని వచ్చి, బల్లల మీద వరసగా కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థిస్తోంది. అవతలి వరసలో ఐస్‌క్రీం ఆయన ఒక్కడే. అంకుల్ బైబిల్ మీద చెయ్యి పెట్టి (ఏ తర్జుమా అని కూడా అడిగారు) గడగడా అప్పజెప్పారు. “నేను డ్రైవర్ పక్కన ముందు సీట్లో, బూడిదరంగు సూటులో కూర్చుని ఉన్నాను. నా భార్య నా వెనక సీట్లో ఉంది. నేను రోడ్డు వైపు చూస్తున్నాను. కారు పూర్తిగా ఆగింది.” తెల్లజుట్టు జడ్జిగారు తల ఊపాడు. తర్వాత ఆంటీ లేచారు. పట్టుచీర సర్దుకుని, చేతులు కట్టుకుని, కళ్ళు పైకి పెట్టి మొదలెట్టారు.

“నేను డ్రైవర్ పక్కన ముందు సీట్లో, బూడిదరంగు సూటులో కూర్చుని ఉన్నాను. నా భార్య నా వెనక సీట్లో ఉంది...”

జడ్జిగారి కలం ఆగిపోయింది. “అమ్మా, మీ భార్యా?” అన్నాడు. ఆంటీ తడబడలేదు. మధ్యలో ఆపితే మొదటి నుంచి చెప్పాలి కదా, మళ్ళీ మొదటి నుంచే చెప్పారు. ముగ్గురూ కోరస్‌గా చెబుతున్నప్పుడు నాకు తట్టనిది అప్పుడు తట్టింది, మేం ముగ్గురికీ ఒకే సీటిచ్చాం, ఒకే సూటు తొడిగాం, ఒకే భార్యనిచ్చాం. నిద్ర బ్రదర్‌కి సైగ చేద్దామంటే వాడు అప్పటికే లేచి, పెళ్ళికాని గొంతుతో, “నా భార్య నా వెనక సీట్లో ఉంది” దాకా వచ్చేశాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. “ఆ కారు ముందు సీట్లో మొత్తం ఎన్ని బూడిదరంగు సూట్లున్నాయి?” అన్నాడు. ఐస్‌క్రీం ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేను మనసులో గుంటూరుకి టికెట్ కొనేసుకున్నాను.

జడ్జిగారు అంకుల్‌ని మళ్ళీ పిలిచాడు. “మీరు రోడ్డు చూస్తున్నారా?” “చూస్తున్నానండీ.” “కారు ఆగడం కళ్ళారా చూశారా?” “చూశానండీ.” “మీ మొహం ముందుకే ఉందా?” “ముందుకేనండీ, నేనెప్పుడూ ముందుకే!” కోడి కూయలేదు. (న్యూజెర్సీలో కోళ్ళు ఫ్రీజర్లలోనే ఉంటాయి, కూయవు.) కానీ వెనక బల్ల మీద నుంచి ఆంటీ దగ్గారు. ఒక్కసారే. అంకుల్ వెనక్కి తిరిగి ఆవిడ వైపు చూశారు, కళ్ళు మూసుకుని తనకోసం ప్రార్థిస్తున్న సంఘాన్ని చూశారు, నన్ను చూశారు. అంత పెద్దమనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు.

“నేను రోడ్డు చూళ్ళేదండీ. వెనక్కి తిరిగి ఉన్నాను. మాది ఫాస్టింగ్ డే. ఆకలికి ఆగలేకపోయాను. కారు ఆగింది, పులుసు ఒలికిందేమోనని ఈవిడ మూత తీసింది. నేను గిన్నెలో చెయ్యి పెట్టాను.”

బల్లల మీద కళ్ళన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. జడ్జిగారు ముందుకి వంగాడు. “కారు ఆగితేనే మూత తీశారా?” అని ఆంటీని అడిగాడు. “నడిచే కారులో ఎవరైనా పులుసు మీద మూత తీస్తారా అండీ? ఆగాకే తీశాను. ఈయన కోడికాలు లాగారు, నేను చేతిమీద ఒక్కటిచ్చాను,” అన్నారావిడ. “కాలు కాదు, మెడముక్క,” అన్నారు అంకుల్, అంత ఏడుపులోనూ. ఇక నిద్ర బ్రదర్ వంతు. “నేను నిద్రపోయానండీ. కారు ఆగితేనే నాకు మెలకువొస్తుంది. లేచి చూస్తే ఆంటీ అంకుల్‌ని కొడుతున్నారు. ముక్క ఒకటి కాదు, రెండు.” జడ్జిగారు నవ్వు కనబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చివరికి ఇలా అన్నాడు. “అబద్ధాలు చెప్పేవాళ్ళు నా ముందు తమని తాము గొప్పగా చెప్పుకుంటారు. ఒక చర్చి పెద్ద ఉపవాసం రోజున కోడిముక్క దొంగిలించానని కల్పించి చెప్పడు. ముక్క విషయంలో మీ ముగ్గురికీ పొంతన కుదరలేదు, కారు ఆగిందన్న విషయంలో కుదిరింది. నాకది చాలు.” కేసు కొట్టేసి, పోయేముందు ఆ వంటకం పేరేమిటని ఆంటీని అడిగాడు.

తిరిగి వచ్చేటప్పుడు అంకుల్ మొదటిసారి వెనక సీట్లో కూర్చున్నారు. ముందుకి రండి అంటే రాలేదు. నా లైసెన్సు నిలబెట్టడానికి ఆయన తన పెద్దరికం మొత్తం ఆ కోర్టులో వదిలేసి వచ్చారని నాకు తెలుసు. కాసేపటికి వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

“అమ్మాయ్, నీ డౌటుకి ఆన్సరు. పేతురు బొంకాడని మనకెవరు చెప్పారమ్మా? బొంకిన రాత్రి చలిమంట దగ్గర శిష్యుల్లో ఆయనొక్కడేగా ఉన్నది. ఆయనే చెప్పుకుని ఉండాలి. దాచుకోవాలంటే దాచుకోలేడా?”

(ఆ రాత్రి అక్కడ ఇంకో శిష్యుడు కూడా ఉన్నాడని యోహాను సువార్త అంటుంది. ఆ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. అమెరికా వచ్చాక మొదటిసారి వేలు పెట్టకుండా ఊరుకున్నాను.) ఆ శనివారం సంఘం అంకుల్‌ని పెద్దరికం నుంచి తీసేస్తుందనుకున్నాం. మొదటి కంచం ఆయనకే పెట్టి, అందులో కోడికాలు, మెడముక్క రెండూ వేశారు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆయన ప్రతి కొత్త కుటుంబానికీ ఈ కథ తనే చెప్పేవారు, తన దొంగతనం ఏమాత్రం తగ్గించకుండా.

ఇప్పుడు ఆయన లేరు, ఆంటీ లేరు. మాకు చర్చి ఉంది, పార్కింగ్ ఉంది, సండేస్కూలు నా చేతిలో ఉంది. మొన్న ఈ కథ చెబుతుంటే ఇక్కడే పుట్టిన ఒక పిల్ల చెయ్యెత్తింది. “ఆంటీ, లాస్ట్ టైమ్ నువ్వు లెగ్ పీస్ అని చెప్పావ్. ఇప్పుడు నెక్ పీస్ అంటున్నావ్. విచ్ వన్? నిన్ను ఎలా ట్రస్ట్ చేయాలి?” ఆ మొహంలో ఆ పొగరు చూస్తే నాకు ముద్దొచ్చింది. ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. నవ్వొచ్చింది, కొంచెం కళ్ళు కూడా చెమర్చాయి.

“ముక్క సంగతి నాకు తెలియదే తల్లీ,” అన్నాను, “కారు మాత్రం ఆగింది.”