నాన్న చేతుల మంట

ఆ రెండు నెలలూ మా బజారులో ముసలివాళ్ళూ చిన్నపిల్లలూ తప్ప మగవాళ్ళు లేరు. ఇప్పుడు చెబితే మా పిల్లలు నమ్మరు. నాకే ఒక్కోసారి అదంతా కలేమో అనిపిస్తుంది. సర్పంచి పోయి మధ్యలో ఎన్నిక వచ్చింది. రెండు వర్గాలూ కొట్టుకున్నాయి, తలలు పగిలాయి, కేసులయ్యాయి. ఆ గొడవ జరిగిన పూట మా నాన్న పొలంలో మిరపకి నీళ్ళు పెడుతున్నాడు. అయినా కేసులో ఆయన పేరెక్కింది. మా ఇల్లు ఓడిన వర్గం బజారులో ఉంది మరి! బెయిలు వచ్చేదాకా ఊళ్ళో కనపడొద్దన్నారు ప్లీడరుగారు. నాన్న రెండు లుంగీలూ ఒక తువ్వాలూ సంచిలో కుక్కుకుని పొదిలి వైపు ఎవరో తెలిసినవాళ్ళ మిరప కల్లంలో పనికి వెళ్ళిపోయాడు. ఏడాది తిరక్కముందే ఆ రెండు వర్గాల పెద్దలూ వియ్యమందుకున్నారు లెండి. లడ్డూలు మాకూ పంపారు.

నాన్న వెళ్ళిన తొమ్మిదో రోజున అక్కకి ఆడపిల్ల పుట్టింది. పురిటికని ముందే మా ఇంటికి వచ్చి ఉంది అక్క. బావని మాత్రం ఈ ఊళ్ళో అడుగు పెట్టొద్దని అమ్మే కబురు పంపింది. పిల్ల ఎర్రగా, పిడికిళ్ళు బిగించి, నొసలు చిట్లించి ఉంది. "అచ్చం మీ నాన్నే, ఆ కోపం చూడు" అంది అమ్మ. అని, గబుక్కున లోపలికి వెళ్ళిపోయింది.

కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ ఆ గదే కనిపిస్తుంది. ఇంకా అమ్మకానికి పోని పత్తి ఒక గోడ పొడుగునా అటకదాకా ఉండేది. దాని పక్కనే చీర ఉయ్యాల. కిటికీలోంచి ఎండ పడినప్పుడు దూదిపోగులు గాల్లో తేలుతూ తేలుతూ వచ్చి పిల్ల కనుబొమల మీద వాలేవి. లోపలంతా తెలుపు, బయట కల్లంలో మిరపకాయల ఎరుపు. ఒరేయ్ అని కేకేసే గొంతు ఒక్కటీ లేని మా ఊరు నాకు వేరే ఊరిలా ఉండేది. భయం లేదా అంటే ఉంది, అబద్ధమెందుకు. పోలీసు జీపు చప్పుడు వింటే తలుపు గడియ పెట్టేవాళ్ళం. కానీ ఆ భయంలోనే మేం ముగ్గురం ఎంత నవ్వామో! పిల్ల తుమ్మితే నవ్వు, ఆవులిస్తే నవ్వు. నాన్న అక్కడ ఏం తింటున్నాడో తెలియకుండా నవ్వుతున్నామేంటని సిగ్గేసేది, అంతలోనే మళ్ళీ నవ్వొచ్చేది.

రోజూ పొద్దున్నే అమ్మ పీట మీద కాళ్ళు చాచి కూర్చుని, పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేది. తర్వాత సాంబ్రాణి. ఒకరోజు నిప్పుల మీద సాంబ్రాణి ఎక్కువ పడి పొగ పెంకుల సందుల్లోంచి పైకి లేచింది. బజారు మొదట్లో కాపలా ఉన్న కానిస్టేబులు ఎవరో ఇంటికి నిప్పు పెట్టారనుకుని లాఠీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. అమ్మ తల కూడా ఎత్తలేదు.

"పిల్లకి పొగ వేస్తున్నామండీ. మీరూ కూర్చోండి, మీకూ వేస్తాను, జలుబు తగ్గుద్ది" అంది.

ఆయన లాఠీ చంకలో పెట్టుకుని చాలాసేపు పిల్లని చూస్తూ నిలబడ్డాడు. ఆయనకీ ఇంటిదగ్గర మూడు నెలల కొడుకున్నాడట, డ్యూటీల మూలంగా ఇంకా చూడలేదట. మర్నాటి నుంచి మా గుమ్మం ముందు బూట్లు చప్పుడు కాకుండా నడిచేవాడు.

కల్లంలో పని మాత్రం ఆగలేదు. మగవాళ్ళు లేరని మిరపకాయలు ఊరుకుంటాయా? ఆరబోయడం, తాలుకాయలు ఏరడం, తొడిమలు తీయడం, అన్నీ మేమే. తొడిమలు తీసిన చేతులు సబ్బుకి లొంగవు. ముందు ఆముదం పట్టించాలి, తర్వాత పుల్లటి మజ్జిగతో రుద్ది కడగాలి, ఆఖరున వేలు కంటిరెప్ప లోపల తాకించి చూసుకోవాలి. మండకపోతేనే పసిపిల్లని ముట్టుకోవాలి. మా వైపు బాలింత ఉన్న ప్రతి ఇంట్లో ఇదే పద్ధతి. నాకు తొందరెక్కువ. ఒకరోజు ఉత్త సబ్బుతో కడిగేసుకుని వచ్చి పిల్ల బుగ్గ నిమిరాను. అంతే! బుగ్గ కందిపోయి పిల్ల గుక్కపట్టి ఏడుపు. అమ్మ వెన్న రాసి, భుజాన వేసుకుని పొద్దు వాలేదాకా తిరిగింది. "నీ చేతులు పడిపోను" అని తిట్టిన అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

వారానికోసారి పక్క ఊరి టెలిఫోన్ బూతుకి నాన్న ఫోన్ చేసేవాడు. మాట్లాడటానికి నేను వెళ్ళేదాన్ని. ఈసారి ఈ సంగతంతా నవ్వుతూ పూసగుచ్చినట్టు చెప్పేశాను. అవతల నాన్న నవ్వలేదు.

"ఎంతసేపేడ్చింది?" అన్నాడు. నేను చెప్పాక, "ఒక్కసారి ఎత్తుకోవాలనుందే అమ్మాయ్. ఈ బెయిలెప్పటికొచ్చుద్దో ఏందో. అప్పటికి నడిచేసుద్దేమో" అన్నాడు.

మా నాన్న అది కావాలి, ఇది కావాలి అని నోరు తెరిచి అడిగే మనిషి కాదు. ఇంటికొచ్చి ఈ మాట అమ్మకి చెప్పాను. మరుసటి వారం నన్నే ఫోన్లో చెప్పమంది. పిల్లని గుంటూరు డాక్టరుకి చూపించాలని కానిస్టేబులుకి చెప్పి మేం బయలుదేరాలి, నాన్న పొద్దుటి పాసింజరులో వచ్చి నల్లపాడు స్టేషన్లో దిగాలి. గుంటూరు బస్టాండులో అయితే మా ఊరివాళ్ళ కంట పడక తప్పదు. నల్లపాడులో ఎవరూ ఉండరు. తిరుగు బండి వచ్చేదాకా ఒక గంట దొరుకుతుంది.

నాన్న మాకంటే ముందే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది, చొక్కా వదులైంది. మమ్మల్ని చూసి లేచాడు కానీ దగ్గరికి రాలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. అక్క పిల్లని అందించబోతే రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దమ్మా. నిన్నటిదాకా కల్లంలోనే. పొద్దున నాలుగుసార్లు సబ్బేసి కడిగా, పోలా. మళ్ళీ గుక్కపట్టిందంటే నేను తట్టుకోలేను" అన్నాడు.

నా నాలుక తెగ్గోసుకుందామనిపించింది. అంత దూరం వచ్చి, మూరెడు దూరంలో నిలబడి, మెడ చాచి చూస్తున్నాడు. అక్క కళ్ళు తుడుచుకుంటోంది. అమ్మ మాత్రం సంచిలోంచి ఒక ఆముదం సీసా, మజ్జిగ క్యాను తీసింది. పొద్దున ఆ క్యాను మోయలేక నేను విసుక్కుంటే ఎందుకు కసురుకుందో అప్పుడు తెలిసింది.

"కూర్చో" అంది నాన్నతో.

మా ముందు ఎప్పుడూ ఆయన పక్కన కూడా కూర్చోని అమ్మ, ఆ బెంచీ మీద ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క వేలూ రుద్దింది. ఆముదం, మజ్జిగ, మళ్ళీ ఆముదం, మళ్ళీ మజ్జిగ. వేపపూత గాలికి రాలుతోంది. పట్టాల మీద ఎండ నీళ్ళలా మెరుస్తోంది. మాకున్న గంటలో ముప్పావుగంట అలాగే పోయింది.

"చూసుకో" అంది అమ్మ. నాన్న రెప్పకి వేలు తాకించుకుని తల అడ్డంగా ఊపాడు.

"నాకు తెలీటంలా. నా కళ్ళు రోజూ మండుతానే ఉంటయ్."

సిగ్నల్ పడింది. దూరంగా కూత వినిపించింది. అమ్మ నాన్న చూపుడువేలు పట్టుకుని తన ఎడమ కంటిరెప్ప లోపల ఆనించుకుంది. కన్ను మూసింది. మేం ముగ్గురం అమ్మ మొహంలోకే చూస్తున్నాం. ఆ మొహంలో ఏమీ కదల్లేదు.

"పర్లేదు. ఎత్తుకో" అంది.

అని, అక్క చేతుల్లోంచి పిల్లని తీసుకుని రెండు మెత్తటి పాతచీర ముక్కల్లో చుట్టింది. చేతులు కూడా లోపల పెట్టి గడ్డందాకా బిగించింది. "ఈ ఎండలో అదేందమ్మా, ఉక్కపోయదూ!" అన్నాను నేను. "రైలుగాలి తగులుద్ది. నువ్వు నోర్మూసుకో" అంది, ముఖం పక్కకి తిప్పుకుని.

నాన్న ఎత్తుకున్నాడు. రెండు చేతులూ చాచి, గుండెకి ఆనించుకుని, కదిలితే ఏమైపోతుందో అన్నట్టు నిలబడ్డాడు. పిల్ల కళ్ళు తెరిచి ఆయన గడ్డాన్ని చూసి, నొసలు చిట్లించి, పెద్దగా తుమ్మింది. ఏడవలేదు! నాన్న నవ్వాడు. వారాల తర్వాత విన్న ఆ నవ్వు ఖాళీ ప్లాట్‌ఫారం అంతా వినిపించింది. "చూశావా, ఏడవలా, ఏడవలా" అని అమ్మకి పదేపదే చెప్పాడు. రైలు ఎక్కి, తలుపు దగ్గర నిలబడి, కనపడినంతసేపూ ఆ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని కొంగు పక్కకి లాగాను. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. ఎర్రటి రెప్ప కిందినుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"అమ్మా! మండిందా?"

"మండదా మరి?"

"మరి పర్లేదన్నావే!"

"పిల్లకి తగలకుండా చుట్టాగా" అంది అమ్మ, కొంగు మళ్ళీ కంటికి ఒత్తుకుంటూ. "అంత దూరం నుంచి వచ్చిన మనిషిని ఒట్టి చేతుల్తో ఎట్టా పంపించమంటావే?"