బీరువా జరిగిన రోజు

కుర్చీ వారం రోజులు ఒకేచోట ఉంటే ఆవిడకి తోచదు. కొంగు నడుముకి దోపి, సామాను కాళ్ళ కింద పాత దుప్పటి ముక్కలు పెట్టి, మంచాన్నీ బల్లనీ ఒక్కతే గదంతా తిప్పేస్తుంది. అందుకే చుట్టాలంతా ఆవిడని సర్దుడమ్మ అంటారు. ఇనప బీరువా ఒక్కటే ఇన్నేళ్ళూ ఆవిడ మాట వినలేదు. ఇవాళ కోడలు పసిపాపతో ఆసుపత్రి నుంచి వస్తోంది. ఉయ్యాల మీద వెలుతురు పడాలంటే కిటికీకి అడ్డంగా ఉన్న ఆ బీరువా జరగాలి. భర్తా మరిదీ చెమటలు కక్కుతూ తోసినా దాంట్లో ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“మీరొకసారి, మీ తమ్ముడొకసారి నెడితే అదెందుకు కదులుతుంది? కాస్త వెనక్కి వాల్చండి, దుప్పటి దూర్చనీయండి. ఊఁ, ముగ్గురం ఒకేసారి!” అంది ఆవిడ. బీరువా కిర్రుమని బెత్తెడు జరిగింది. మరిది నడుం పట్టుకుని ఆగబోయాడు. “ఆపకయ్యా! కదిలాక సుళువే. ఆగిందా, మళ్ళీ మొదటికే!” అని ఆవిడ అరిచింది. నవ్వాపుకోలేకపోతూనే ముగ్గురూ దాన్ని అవతలి గోడదాకా తోసుకుపోయారు. గదంతా తెల్లగా వెలుతురు పరుచుకుంది.

సాయంత్రం ఉయ్యాలలోని పాప నానమ్మ వేలు పట్టుకుని నిద్రపోయింది. “టీ చల్లారిపోతోంది, లేవవే” అన్నాడు భర్త.

“ష్... నన్ను మాత్రం ఎవరూ కదపకండి” అంది సర్దుడమ్మ.