కూలర్ కోసం పీకిన ప్లగ్గు

మొన్న పొద్దున చాయ్ తాగుతూ పేపర్‌లో జిల్లా పేజీ తిప్పితే మా పాత డిపార్ట్‌మెంట్ హెడ్డుగారి ఫొటో కనపడింది. భుజాన శాలువా, మెడలో నడుము దాకా దండ, కింద ‘పరిశోధనకే జీవితం అంకితం’ అని పెద్ద అక్షరాలు. నేను మళ్ళీ చాయ్ ముట్టుకోలేదు.

ఆయన ముఖం చూస్తే నాకు గుర్తొచ్చేది మా ల్యాబ్‌లో ఉండే అక్క. సొంత అక్క కాదు, సీనియర్. రఘునాథపల్లిలో వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల. నేను వరంగల్‌లో పీహెచ్‌డీకి చేరేనాటికి ఆమె పని సగం దాటింది. పొద్దున్నే కబేళాకు వెళ్ళి, కోసిన బర్రెల అండాశయాలను ఉప్పునీళ్ళ ఫ్లాస్కులో వేసుకుని షేర్ ఆటోలో వచ్చేది. పక్కన కూర్చున్న పెద్దమ్మ ఎవరైనా “ఏం కూర తీస్కపోతానవ్ బిడ్డా?” అనడిగితే ఉన్నదున్నట్టు చెప్పేసేది. ఇక యూనివర్సిటీ గేటు దాకా ఆ సీటంతా ఆమెదే. ల్యాబ్‌కు వచ్చాక, అండాశయాల మీద బుడగల్లా ఉండే తిత్తుల్లోంచి సిరంజితో కణాలు తీసి గాజు గిన్నెల్లో పెంచేది. కొవ్వుల నుంచి పుట్టే కొన్ని అణువులను వాటికి కలిపి, ఏది కలిపితే ప్రొజెస్టరాన్ అనే ఆడ హార్మోన్ తయారీ పెరుగుతుందో, దేనికి తగ్గుతుందో చూడటం ఆమె పరిశోధన. నాకు మొదట్లో బుర్రకెక్కలేదు. “కొవ్వంటే నడుముకు పట్టేదే అనుకుంటానవా? గీ కొవ్వు కబురు మోస్తది చెల్లె. హార్మోన్ చెయ్యుమని ఒకటి చెప్తది, ఇగ సాలని ఇంకోటి చెప్తది. ఆ కబురు తప్పితే ఒళ్లంత ఆగమైతది” అని చెప్పింది.

ఆ ఆగం ఆమె ఒంట్లోనే ఉంది. నెలసరి ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే మంచం దిగలేదు. ఇంటర్‌లో ఉండగా దవాఖానకు తీసుకెళ్తే, డాక్టరు ఈమె ముఖం కూడా చూడకుండా వాళ్ళమ్మతో “ఒళ్ళు తగ్గించమను, పెళ్ళి చెయ్యి, అన్నీ సర్దుకుంటాయి” అన్నాడట. ఎందుకు సర్దుకోవడం లేదో తనే కనుక్కుంటానని ఆమె ఈ చదువులోకి వచ్చింది. నాకు తెలిసి కోపంతో పీహెచ్‌డీలో చేరింది ఆమె ఒక్కతే.

గిన్నెల్లోని ద్రవాన్ని చిన్న గొట్టాల్లో నింపి డీప్ ఫ్రీజర్‌లో దాచేది. హార్మోన్ కొలిచే కిట్లు ఖరీదు కాబట్టి, అవి వచ్చాక అన్నీ ఒకేసారి కొలవాలి. కిట్లు రావాల్సిన ఆ ఎండాకాలంలోనే హెడ్డుగారికి ఏదో అవార్డు వచ్చింది. మా ల్యాబ్ పక్క హాల్లోనే సన్మానం. ముందురోజు సాయంత్రం మేం వెళ్ళిపోయాక స్టేజీ దగ్గరి కూలర్‌కూ మైకుకూ ప్లగ్గు చాలకపోతే, ఆయన దగ్గరుండి మా ఫ్రీజర్ ప్లగ్గు పీకించి, తలుపు కింద నుంచి వైరు లాగించారు.

మర్నాడు మేం ల్యాబ్ తలుపు తీసేసరికి నేలంతా నీళ్ళు. పక్కన సన్మానం మొదలైపోయింది. అక్క ఫ్రీజర్ తెరిచి ఒక గొట్టాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది, లోపలిదంతా కరిగి వెచ్చబడింది. తర్వాత వంగి, ఆ వైరును పీకేసింది. హాల్లో కూలర్ ఆగింది, మైకూ ఆగింది. గొట్టాల ట్రే రెండు చేతులా పట్టుకుని ఆమె స్టేజీ ఎక్కింది. నేను మెట్ల దగ్గరే ఆగాను.

“సార్, ముట్టుకొని చూడున్రి. అన్ని ఖరాబైనయి. ఎవల్నడిగి పీకిచ్చిన్రు?”

ఆయన నవ్వారు. “ఏందమ్మా, మళ్ళ చేసుకో. బర్రెలకేమన్న కరువా?”

హాలంతా నవ్వింది. ముందు వరుసలోని మేడమ్‌లు కూడా నవ్వారు. ఆ నవ్వులకు నేను ఇప్పటికీ పళ్ళు నూరుతాను.

“నవ్వున్రి. సార్ తప్పయిందని చెప్పేదాక నేనీడనే నిలవడ్త” అంది అక్క, గొంతు పెంచకుండా.

ఎవరో వెళ్ళి ప్లగ్గు పెట్టారు. ఆయన ప్రసంగం పూర్తి చేశారు, తప్పయిందన్న మాట తప్ప అన్నీ చెప్పారు. ఆమె చివరిదాకా అక్కడే నిలబడింది. ఆ రోజు తీసిన ప్రతి ఫొటోలో, శాలువా పక్కన ట్రే పట్టుకున్న ఆమె ఉంటుంది. సభ చెడగొట్టినందుకు క్షమాపణ రాసివ్వమని ఆమెకే మెమో ఇచ్చారు. రాయలేదు. ఫెలోషిప్ పొడిగింపు ఆగిపోయింది. పక్క డిపార్ట్‌మెంట్ మేడమ్ ఒకామె తన ల్యాబ్‌లో చోటిస్తే, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటూ, మళ్ళీ ఫ్లాస్కు పట్టుకుని కబేళాకు బయలుదేరింది. డిగ్రీ వచ్చింది, ఆలస్యంగా. ఇప్పుడు హనుమకొండలో ఒక కాలేజీలో చెప్తోంది.

పేపర్ చూసిన రోజే ఫోన్ చేశాను. “మళ్ల శాలువనా? కప్పుకోనీ తియ్” అని నవ్వింది. తన పరిశోధన సంగతి అడిగితే, “బర్రె కణాలల్ల ఒక్క కబురు దొరికింది చెల్లె. నా ఒంట్లది ఇంక దొరకలే” అంది.

వయసుతో పాటు కోపం తగ్గుతుందంటాడు మా ఆయన. నాకు తగ్గింది కంటిచూపు. ఆమె పోగొట్టుకున్న ఏళ్ళను తిరిగి ఇవ్వలేని కాలానికి, నా కోపాన్ని తీసుకుపోయే హక్కు మాత్రం ఎక్కడిది?