బుడమేరు గట్టున మాత స్వరూపం

తెరేసమ్మకు రెండు గేదెలు, బుడమేరు పక్కన ఓ రేకుల ఇల్లు. ఇంటి వెనక గట్టు దిగితే రెల్లు పెరిగిన పల్లం. గేదెలు మేసేదీ అక్కడే, ఏరు పొంగితే నీళ్లు ముందుగా నిలిచేదీ అక్కడే. ఆ పల్లం పూడితే నీళ్లు ఎటు వస్తాయో మొన్నటి వరదే చూపించింది. మట్టి పోసిన వైపు ఇళ్లు కప్పుల దాకా మునిగాయి. రెల్లు మిగిలిన ఈ సందులో నీళ్లు గడపల దగ్గరే ఆగాయి, దేవుడి దయ.

అయినా పడగొట్టిన ఇళ్ల మట్టి, ఇటుక ముక్కలు ట్రాక్టర్లలో వస్తూనే ఉన్నాయి. గట్టు మీద నిలబడి కుమ్మరించిపోతున్నారు. తెరేసమ్మ అర్జీలు పెట్టింది, చేతులు జోడించింది. ఎవరూ వినలేదు. దేవుడి పటం అతికించిన గోడను ఎవరూ పాడుచేయరు కదా అని, గుణదల తిరునాళ్లలో కొన్న మూరెడు ఎత్తు మరియమాత స్వరూపాన్ని తెచ్చి, జపమాల చెప్పుకుని, గట్టు కింద రాతి మీద నిలిపింది.

నెల రోజులు ఒక్క ట్రాక్టరూ రాలేదు.

జనం మాత్రం వచ్చారు. పాలకు వచ్చే పద్మావతమ్మగారు తన పెరటి మందారాలు తెచ్చి పెట్టేవారు. తాపీమేస్త్రీ జయపాల్ ఓ ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చాడు.

"పిన్నీ, ముసలోళ్లు జారి పడతన్నారు. ఏటవాలుగా, వెడల్పాటి సిమెంటు బాట పోసేస్తా. కూలీ గీలీ అన్నావంటే నీ ఇంటి గడప తొక్కను."

రెల్లు కొట్టేస్తుంటే ఆమె ఆపబోయి ఒకడుగు ముందుకు వేసింది. మాతకు చేసే పనికి అడ్డం చెప్పడానికి నోరు రాలేదు. మజ్జిగ కలిపి ఇచ్చింది.

బాట గట్టిపడిన వారానికి, దాని మీదుగానే ఒక ట్రాక్టరు పల్లం నడుమకు దిగింది. తెరేసమ్మ పరుగెత్తి, స్వరూపాన్ని ఎత్తుకుని చక్రాలకు ఎదురు నిలబడింది. డ్రైవరు దిగి, చెప్పులు విడిచి సిలువ గుర్తు వేసుకున్నాడు.

"మాత మీద మట్టి పడనిస్తానా అమ్మా? మాదీ గుణదలేనండీ."

"మాత మాట కాదయ్యా, పల్లం మాట! వానొస్తే మా సందంతా మునిగిపోద్ది."

అతను తన సీసాలో నీళ్లు ఆమెకు తాగించాడు. తర్వాత ఎంతో జాగ్రత్తగా పది గజాలు అవతలికి నడిపి, తొట్టి ఎత్తి మట్టంతా రెల్లు మీద కుమ్మరించాడు.

బాట పగలగొట్టమని ఆమె జయపాల్‌ను బతిమాలింది.

"మాత బాటా? నా చేతులతోనా? ఇంకేదన్నా అడుగు పిన్నీ" అని అతను కళ్లు తుడుచుకున్నాడు.

ఆమే పలుగు తెచ్చింది. జయపాల్ మంచి పనివాడు. ఎంత కొట్టినా పెచ్చు కూడా లేవలేదు. పద్మావతమ్మగారు వచ్చి తన గొడుగు ఆమె తల మీద పట్టారు.

"ఇదేం పని తెరేసమ్మా? చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

"అనుకోనివ్వండమ్మగారూ. ఈ బాట పొయ్యనిచ్చింది నేనే."

గట్టు మీద మరో ట్రాక్టరు హారను మోగింది. ఆమె పలుగు పైకెత్తింది.