పొట్టేళ్ల పక్కన మల్లయ్య మామ ఫొటో

మొన్న నకిరేకల్‌ల నేను చేసిన పనికి ఒక పెద్దమనిషిని నోరు తెరువు, పండ్లు చూస్తమని అడిగిన్రు. నవ్వకుండ్రి, జర ఇనుండ్రి.

నేను వెబ్ పేజీలు పదేండ్ల సంది టేబుల్‌తోనే చేస్తున్న. గడులు గీసుడు, గడికొకటి పెట్టుడు, అయిపాయె. మా చెల్లె స్వప్న హైదరాబాద్‌ల గిదే పని చేస్తది. "అన్నా, ఇంకా టేబులేనా? గిప్పుడందరు సీఎస్ఎస్‌తోని, తెరను బట్టి పేజీ సర్దుకునేటట్టు చేస్తున్రు. నీకు రాదని ఒప్పుకో" అన్నది. నాకు రాదా? మస్తు కోపమొచ్చింది.

గప్పుడే గొర్ల కాపరుల సంఘం పేజీ నా చేతికొచ్చింది. ఇది మంచిగైతే పక్క మండలాల సంఘాలు గూడ నాకే ఇస్తయి. సంఘం పెద్ద మల్లయ్య మామ "అల్లుడా, నా ఫొటో మన పొట్టేళ్ల పక్కనే పెట్టు" అన్నడు. పై వరుసల రెండు పొట్టేళ్లు, మూడోది మామ. కింది వరుసల ముగ్గురి వివరాలు. అంత సీఎస్ఎస్‌తోనే చేసిన. కంప్యూటర్ల చూస్తే ముచ్చటగున్నది.

సంఘం మీటింగుల అందరు పేజీని ఫోన్లల్ల తెరిచిన్రు. ఫోన్ తెర సన్నగుంటది గదా, పక్కపక్కన పెట్టినయన్ని ఒకదాని కింద ఒకటి దిగినయి. ముందు మూడు ఫొటోలు, తర్వాత మూడు రాతలు. ఆఖరి ఫొటో మామది. దాని కిందనే మొదటి పొట్టేలు రాత: "రెండు పండ్లది. మంచి బలంగున్నది. అమ్మకానికున్నది."

మా దిక్కు గొర్ల వయసు పండ్లు చూసే చెప్తరు. యెనక కూసున్న యాదయ్య లేచి "మల్లయ్యా, జర నోరు తెరువు, చూద్దం" అన్నడు. అందరు పడి పడి నవ్విన్రు. మామ మాత్రం నవ్వలే.

"నా ఫొటో తీసెయ్ అల్లుడా. గా జాగల నీది పెట్టు. పెడితేనే పని నీది, లేకుంటే లేదు."

చెల్లెకు ఫోన్ చేసిన. కడుపు పట్టుకొని నవ్వింది. "సీఎస్ఎస్ రాసినవు గని టేబుల్ లెక్కనే ఆలోచించినవన్నా. ఫొటో, దాని రాత ఒక్క డబ్బల పెట్టాలె. రెండు నిమిషాల పని, నేను చేసిస్త" అన్నది.

వద్దన్న. ఎవరేమన్న అనుకోనీ, మళ్ల టేబులే పెట్టిన. టేబుల్‌ల ఎవరి రాత వాళ్ల కిందనే ఉంటది, ఎటు కదలది.

"ఫోన్ల మూడో గడి తెర బయటికి పోతది గదన్నా, ఎవరికీ కనపడది" అని చెల్లె మొత్తుకున్నది.

పోనీయ్. గా మూడో గడిల ఉన్నది నేనే.